వోజ్రొజ్దేనియా దీవి: 2002లో శుభ్రం చేశారు కదా, ల్యాబ్ శిథిలాల్లోకి వెళ్ళొచ్చా?

మట్టిగోడ:
ఉజ్బెకిస్తాన్‌లో మెడిసిన్ చదివే మన పిల్లల గ్రూపుల్లో ఈ మధ్య ఒక టూరు గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ముయ్‌నాక్‌లో ఎండిపోయిన అరల్ సముద్రాన్నీ తుప్పు పట్టిన ఓడల్నీ చూసుకుని, అక్కణ్ణుంచి జీపుల్లో ఒకప్పటి వోజ్రొజ్దేనియా దీవికి పోయి, కాంతుబెక్ ఊరు, దాని పక్కనున్న సోవియట్ సైనిక ప్రయోగశాల శిథిలాలు తిరిగి రావడం. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. 1954 నుంచి సోవియట్ సైన్యం అక్కడ అరాల్స్క్-7 పేరుతో ఆంత్రాక్స్, ప్లేగు, తులరేమియా, బ్రూసెల్లా, మశూచి లాంటి క్రిముల్ని ఆరుబయట గాలిలోకి వదిలి జంతువుల మీద పరీక్షించింది. 1992లో అంతా వదిలేసి వెళ్ళిపోయారు. 1988లో అక్కడ పాతిపెట్టిన టన్నుల కొద్దీ ఆంత్రాక్స్‌ని 2002లో అమెరికా, ఉజ్బెకిస్తాన్ కలిసి నిర్వీర్యం చేశాయి.

ఇప్పుడు వెళ్ళడం తెలివైన పనేనా? "ఏం కాదు" అనేవాళ్ళు ఏ లెక్క మీద అంటున్నారో, "వద్దు" అనేవాళ్ళు సరిగ్గా దేనికి భయపడుతున్నారో చెప్పండి. దయ్యాల కొంప కబుర్లు వద్దు.

శిథిలప్రియుడు:
వెళ్ళొచ్చు. జాగ్రత్తగా వెళ్ళాలి, అంతే.

2002లో జరిగింది పైపై పని కాదు. అమెరికా రక్షణ శాఖకి చెందిన సంస్థ తరఫున 113 మంది బృందం మూడు నెలలు అక్కడే మకాం వేసింది. 10 గోతుల్లోని మట్టిని తవ్వి తీసి, ప్లాస్టిక్ పరిచిన కందకాల్లో పోసి, క్యాల్షియం హైపోక్లోరైట్ అనే ఘాటు బ్లీచింగు పొడి కలిపి రోజుల తరబడి నానబెట్టారు. ఖర్చు 50 లక్షల డాలర్ల చుట్టూ అయింది. 100 నుంచి 200 టన్నుల సరుకు అలా పోయింది.

రెండోది, 1992 తర్వాత ఆ ఊళ్ళోకి ముందుగా వచ్చింది శాస్త్రవేత్తలు కాదు, తుక్కు ఏరుకునేవాళ్ళు. పైపులు, కేబుళ్ళు, కిటికీ చట్రాలు, నేల చెక్కలు కూడా పీక్కుపోయారు. మాస్కు లేదు, గ్లౌజు లేదు. అక్కణ్ణుంచి ఆంత్రాక్స్ వ్యాపించిందన్న నమోదు ఒక్కటీ లేదు.

మూడోది, సైన్యం ఆ చోటుని ఏరుకోవడానికి ఉన్న కారణాల్లో ఎండ ఒకటి. వేసవిలో అక్కడి ఇసుక 60 డిగ్రీల దాకా కాలుతుంది, అతినీలలోహిత కిరణాలు నేరుగా పడతాయి. ఇక మోతాదు చూడండి. పీల్చితే వచ్చే ఆంత్రాక్స్‌కి సగం మందిని చంపే మోతాదుగా చెప్పుకునేది 8,000 నుంచి 10,000 స్పోర్లు, అంటే ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపం. అమెరికాలో పాత మేకవెంట్రుకల మిల్లుల్లో టీకా లేని కార్మికులు ఒక్క షిఫ్టులో వందల స్పోర్లు పీల్చినా పనిలోనే ఉన్నారు. నేలకి అంటుకున్న స్పోరు మళ్ళీ గాలిలోకి లేచి, ఊపిరితిత్తి లోతుకి పోయేంత సన్నగా రావడం అంత తేలిక కాదు. సన్నటి దుమ్ముని ఆపే మంచి పీ100 ఫిల్టరు ఉన్న మాస్కు పెట్టుకున్నవాడికి మిగిలే ముప్పు ముయ్‌నాక్ రోడ్డు మీద జీపు బోల్తా పడే ముప్పు కంటే తక్కువే.

సూక్ష్మదర్శిని:
శిథిలప్రియుడు గారూ, అంకెలు సరైనవే. వాటిని నిలబెట్టిన చోటే తేడాగా ఉంది.

2002లో శుభ్రం చేసింది గోతుల్ని. దీవిని కాదు. ఆ గోతుల్లో ఉన్నది రష్యాలోని స్వెర్ద్లోవ్స్క్ వైపు నుంచి తెచ్చిన నిల్వ సరుకు. 250 లీటర్ల స్టీలు పీపాల్లో బ్లీచు కలిపి, రెండు డజన్ల రైలు పెట్టెల్లో సముద్రపు ఒడ్డునున్న అరాల్స్క్ పట్నం దాకా తెచ్చి, ఓడ ఎక్కించి తీసుకెళ్ళి గోతుల్లో పోశారు. పోశాక మళ్ళీ బ్లీచు చల్లారు. అయినా 1990ల్లో అమెరికా నిపుణులు మట్టి తీసి పరీక్షిస్తే కొన్ని స్పోర్లు బతికే ఉన్నాయి. రెండుసార్లు బ్లీచు తగిలాక కూడా! అందుకే 2002 పని అవసరమైంది. దీవి దక్షిణాన ఉన్న పరీక్షా మైదానం ఆ పనిలో భాగం కాదు. మూడున్నర దశాబ్దాలకు పైగా చిన్నచిన్న బాంబులతో, స్ప్రేలతో క్రిముల్ని వదిలింది అక్కడే.

దీన్ని గ్రూనార్డ్‌తో పోల్చి చూడండి. స్కాట్లండ్ తీరంలో చిన్న దీవి, 196 హెక్టార్లు. 1942, 43ల్లో బ్రిటిష్ వాళ్ళు గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించారు. నలభై ఏళ్ళ తర్వాత కూడా మట్టిలో స్పోర్లు ఉన్నాయి. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ని సముద్రపు నీళ్ళలో కలిపి చల్లి, బాగా కలుషితమైన చోట పైమట్టి తీసేసి, గొర్రెల మందని మేపి చూసి, 1990 ఏప్రిల్ 24న గానీ బోర్డులు తీయలేదు. అంత చిన్న దీవికి అంత పని. వోజ్రొజ్దేనియా మొదట్లోనే 200 చదరపు కిలోమీటర్లు, అంటే 20,000 హెక్టార్లు. సముద్రం తగ్గేకొద్దీ దాని పది రెట్లయింది. 2001కి దక్షిణం వైపు నేలతో కలిసిపోయింది. దాన్ని ఎవరూ ఆ పద్ధతిలో కడగలేదు, కడగలేరు కూడా.

ఎండ సంగతి: అతినీలలోహిత కిరణాలు చంపేది పైన తేలి ఉన్నవాటినే. అర సెంటీమీటరు మట్టి కింద ఉన్న స్పోరుకి ఎండ తగలదు. 60 డిగ్రీలు దానికి లెక్కలోది కాదు. ల్యాబుల్లో ఆ స్పోర్లని చంపడానికి ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరి వాడతాం.

మోతాదు సంగతి: సగం మందిని చంపేది 8,000 అయితే 800 ఎవరినీ చంపదని అర్థం కాదు. 1979 ఏప్రిల్‌లో స్వెర్ద్లోవ్స్క్ సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ పొడి లీకైనప్పుడు కనీసం 66 మంది చనిపోయారు. ఆ రోగులు పడింది గాలి వాలున నాలుగు కిలోమీటర్ల పట్టీలో. అదే వరసలో 50 కిలోమీటర్ల దూరం దాకా పశువులు చచ్చాయి. విడుదలైంది గ్రాముకి లోపే అయ్యుండొచ్చని 1994లో మెసెల్సన్ అనే శాస్త్రవేత్త బృందం లెక్కగట్టింది. మిల్లులో వెంట్రుకలకి అంటుకుని ఉండే స్పోరు వేరు. ఒకటి నుంచి అయిదు మైక్రాన్ల సైజుకి నూరి, ఉండకట్టకుండా చేసిన ఆయుధపు సరుకు వేరు.

కరీంనగర్_కుర్రోడు:
అక్కా, గన్ని లెక్కలు నాకు అర్థం కాలే గానీ, తుక్కోళ్ళకి ఏం గాలేదు కద? వాళ్ళు పదేండ్లు తిరిగిన్రు. మనం పొయ్యేది ఒక్క పూట. ఎన్95 పెట్టుకొని, జేబుల శానిటైజర్ ఏసుకొని పోతే సాలదా? ఇంకోటి, ఆడ టెస్టుట్యూబులు, గాజు గిన్నెలు కుప్పలు కుప్పలు పడున్నయని ఇన్న. ఒక్కటి యాదికి తెచ్చుకుంటే తప్పేంది?

సూక్ష్మదర్శిని:
తమ్ముడూ, ముందు ఆఖరిదానికి జవాబు. వద్దు. ఖాళీగా కనిపించే గాజుగిన్నె అడుగున ఎండిన పొర ఉంటుంది. గోడల మధ్య, ఎండ తగలని గదిలో, మూత వేసి ఉన్న గాజులో స్పోరు మట్టిలో కంటే భద్రంగా ఉంటుంది. పైగా దాన్ని బ్యాగులో వేసుకుని హైదరాబాద్ విమానాశ్రయంలో దిగితే అది యాదికి తెచ్చుకున్నది అనిపించుకోదు. జీవాయుధ పదార్థాల మీద మన దేశంలో 2005 నాటి సామూహిక వినాశన ఆయుధాల చట్టం ఉంది. అందులో ఏముందో ఏమీ లేదో తేలేలోపు నువ్వెక్కడుంటావో ఆలోచించుకో.

శానిటైజర్: ఆల్కహాలు స్పోరుని చంపదు. పొడి చేతుల మీద రుద్దితే ఉన్నది ఉన్నట్టు అటూ ఇటూ పూసుకుంటావు. సబ్బు, పారే నీళ్ళు నయం. చంపవు గానీ కడిగి కిందకి పంపిస్తాయి.

తుక్కోళ్ళ మాటకొస్తే, ఎవరైనా వాళ్ళ పేర్లు రాసుకుని, ఆర్నెల్ల తర్వాత వెతికి రక్తపరీక్ష చేశారా? లేదు. దొంగచాటుగా సరిహద్దు దాటి ఇనుము తెచ్చుకున్నవాడు చేతి మీద నల్ల పుండు లేస్తే ఏ డాక్టరుకీ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడు. నమోదు లేకపోవడాన్ని జబ్బు లేకపోవడం కింద రాసుకోకూడదు.

పాడేరు_పశువైద్యం:
ఆంత్రాక్స్ అంటే తెల్లపొడి కవరు అనుకునేవాళ్ళ కోసం. ఇది మన దొమ్మ రోగమే. మన్యంలో చచ్చిన పశువు మాంసం కోసినవాళ్ళకి చేతుల మీద, మెడ మీద నొప్పి లేని నల్ల పెచ్చు కట్టిన పుండ్లు వస్తాయి చూశారా, అదే. జీవి లోపల ఉన్నప్పుడు ఈ క్రిమి మామూలు బ్యాక్టీరియానే. కళేబరం కోసి రక్తానికి గాలి తగిలినప్పుడు స్పోరుగా మారుతుంది. అందుకే దొమ్మతో చచ్చిందన్న అనుమానం ఉంటే కోయొద్దు, పోస్టుమార్టం చేయొద్దు అంటాం.

ఇది ఈ చర్చకి ఎందుకంటే, వోజ్రొజ్దేనియాలో కోతులు, గుర్రాలు, గాడిదలు, గొర్రెలు, కుందేళ్ళు, గినీపందుల మీద ప్రయోగాలు చేశారు. చనిపోయినవాటిని ప్రయోగశాలలో కోసి చూశారు. ప్రయోగశాల ఉన్నదే అందుకు. అంటే స్పోర్లు మైదానంలో చల్లిన సరుకు నుంచే కాదు, కోత గది నుంచీ, కాలువల నుంచీ, పంజరాల గచ్చు పగుళ్ళ నుంచీ వస్తాయి. 1988 గోతుల్ని శుభ్రం చేస్తే ఇవి శుభ్రపడవు. నా లెక్కన ఊరు ఒక ఎత్తు, జంతువుల షెడ్లూ కోత గదులూ ఒక ఎత్తు. ఊళ్ళో బడి, మెస్సు, క్వార్టర్లు చూసొస్తామంటే నేను పెద్దగా అడ్డు చెప్పను. ల్యాబు ప్రాంగణం మాత్రం నా దృష్టిలో మూసిన తలుపే.

పనిలో పని, ఒక పాత అలవాటు గురించి కూడా. దొమ్మ కళేబరం పాతేటప్పుడు మనవాళ్ళు గోతిలో మామూలు సున్నం పోస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు దాన్ని వద్దంటాయి. క్షారగుణమూ క్యాల్షియమూ ఎక్కువున్న నేలలో స్పోర్లు ఎక్కువకాలం నిలుస్తాయి. 2002లో వాడింది క్యాల్షియం హైపోక్లోరైట్, అంటే క్లోరిన్ ఉన్న ఘాటు బ్లీచింగు పొడి. దాన్ని సున్నం అనుకుని పొరబడొద్దు. అరల్ అడుగు మట్టి ఎలాగూ ఉప్పు, క్షారమే.

పాతపటం:
ఊరూ ల్యాబూ ఒక్కటి కాదన్న పశువైద్యం గారి మాట పటం మీద పెట్టి చూడాలి. దీవి ఉత్తర భాగంలో కాంతుబెక్ ఊరు, సుమారు 1,500 మంది జనాభా. దానికి కొద్ది కిలోమీటర్లలో ప్రయోగశాల ప్రాంగణం. ఊరి పక్కనే బర్ఖాన్ విమానాశ్రయం. గాలి ఎటు తిరిగినా విమానం దిగేలా నక్షత్రం ఆకారంలో నాలుగు రన్‌వేలు, ఇవాళ్టికీ ఉపగ్రహ చిత్రాల్లో కనపడతాయి. పరీక్షా మైదానం దక్షిణాన. అక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది, కాబట్టి జనం గాలికి ఎగువన, క్రిములు దిగువన. మైదానంలో కిలోమీటరుకొకటి చొప్పున స్తంభాలు పాతి, వాటికి గాలిని పట్టే పరికరాలు తగిలించారు.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏంటంటే, ముయ్‌నాక్ నుంచి వచ్చే జీపు దక్షిణం నుంచే ఎక్కుతుంది. దీవిగా ఉన్న రోజుల్లో పడవ ఉత్తరాన ఆగేది, విమానం ఉత్తరాన దిగేది. పరీక్షా మైదానం తొక్కాల్సిన పని ఎవరికీ ఉండేది కాదు. నేల కలిశాక దగ్గరిదారి అంటే మైదానం మీదుగా దారే. దగ్గరిదారి చూపిస్తానన్న డ్రైవరు మీకు మేలు చేస్తున్నట్టు కాదు. పడమటి అంచున పాత తీరరేఖ దాటి, ఎండిన సముద్రపు అడుగు మీదుగా చుట్టు తిరిగి ఉత్తరానికి చేరే దారినే పట్టాలి. ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌ల సరిహద్దు ఈ దీవిని కోసుకుంటూ పోతుంది. కాంతుబెక్ ఉజ్బెకిస్తాన్ వైపు. సరిహద్దు మండలం అనుమతి కాగితం లేకుండా చిక్కితే విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి చదువే పోతుంది.

గాలి వాలుని నమ్ముకున్నవాళ్ళకి 1971 ఒకటి గుర్తుచేయాలి. ఆ ఏడాది అరాల్స్క్ పట్నంలో మశూచి వచ్చింది. 10 మందికి సోకింది, టీకా లేని ముగ్గురు చనిపోయారు. మొదట జబ్బుపడింది లెవ్ బెర్గ్ అనే పరిశోధన నౌకలో పనిచేసిన ఒకామె. ఆ నౌక దీవికి దగ్గరగా వెళ్ళిందనీ, 400 గ్రాముల మశూచి సరుకు పేల్చిన పరీక్షే దీనికి కారణమనీ సోవియట్ సైనిక వైద్యాధికారి బుర్గాసోవ్ తర్వాత చెప్పాడు. మామూలు ఓడరేవులో సోకి ఉంటుందని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ వాదన తేలలేదు, ఇక్కడ తేల్చక్కర్లేదు.

శిథిలప్రియుడు:
పాతపటం గారి దారి సలహా బంగారం. కానీ మశూచి పేరెత్తి జనాన్ని భయపెట్టొద్దు. ఆ వైరస్ ఎండలో, అంత వేడిలో ఇన్నేళ్ళు నిలవదు.

సూక్ష్మదర్శిని:
ఇందులో మీతో ఏకీభవిస్తాను. నీడలో, కవరులో దాచిన మశూచి పెచ్చులో 13 ఏళ్ళ దాకా వైరస్ బతికినట్టు నెదర్లాండ్స్‌లో చూశారు. అదీ గది వాతావరణంలో. ముప్పై ఏళ్ళు దాటిన ఎడారి శిథిలంలో దాని గురించి నిద్ర పాడుచేసుకోను. తులరేమియా, బ్రూసెల్లా కూడా ఎండలో నిలిచే రకం కాదు.

ప్లేగు వేరే కథ. అది ల్యాబు నుంచే మిగిలి ఉండక్కర్లేదు. మధ్య ఆసియా ఎడారుల్లో జెర్బిల్ అనే ఎలుకజాతి బొరియల్లో, వాటి ఒంటి మీద రక్తం పీల్చే మిన్నల్లుల్లో ప్లేగు సహజంగానే తిరుగుతుంది. దీవిగా ఉన్నప్పుడు నీళ్ళు అడ్డం. ఇప్పుడు నేల కలిసింది. రాత్రి గుడారం వేసేవాళ్ళు బొరియలున్న చోటికి దూరంగా వేయాలి. నేల మీద పడుకోవద్దు, పర్మెత్రిన్ అనే పురుగుల మందు పట్టించిన సాక్సులు, ప్యాంటు వేసుకోవాలి, చచ్చిన ఎలుకని కాలితో కూడా తట్టొద్దు. మాస్కు కంటే ఈ సాక్సులే ఎక్కువ పనికొస్తాయంటే నవ్వకండి.

రేకులషెడ్డు:
ఇంతమంది క్రిముల గురించే కొట్టుకుంటున్నారు గానీ, ఆ భవనాల్లో మిమ్మల్ని ఖాయంగా తగులుకునేది ఆస్బెస్టాస్. 1950 నుంచి 80ల సోవియట్ కట్టడం అంటే కప్పు రేకు ఆస్బెస్టాస్ సిమెంటు, వేడినీటి పైపుల చుట్టూ చుట్టింది ఆస్బెస్టాస్ మెత్త. ఉరల్ కొండల్లో గని ఉన్న ఊరికి ఏకంగా ఆస్బెస్ట్ అనే పేరు పెట్టుకున్న దేశం అది, కొరత ఏముంది! తుక్కోళ్ళు పైపు పట్టుకుపోయారు, చుట్టిన మెత్తని అక్కడే చించి పారేశారు. బాయిలర్ గదిలో, పైపుల సొరంగాల్లో మీ బూటు కింద మెత్తగా, బూడిద రంగులో నలిగేది అదే. స్పోరు ఉందో లేదో అనుమానమే, ఇది మాత్రం ఉండి తీరుతుంది. జబ్బు బయటపడేది 20, 30, 40 ఏళ్ళకి. అందుకే వెళ్ళొచ్చినవాడు "చూడు, ఏం కాలేదు" అంటాడు.

మాస్కు గురించి కచ్చితంగా చెప్పాలి. పీ100 ఫిల్టరు 99.97 శాతం ఆపుతుంది, నిజమే. అయితే గాలి ఫిల్టరు గుండానే పోవాలని ఎక్కడా రాసిలేదు. ముఖానికీ రబ్బరుకీ మధ్య సందు దొరికితే అటే దూరుతుంది. రెండు రోజుల గడ్డం చాలు, సీలు పోతుంది. వెళ్ళేముందు ఫిట్ టెస్ట్ చేయించుకోండి. హుడ్ కప్పి, చేదు ద్రావణమో శాకరిన్ ద్రావణమో స్ప్రే కొట్టి, తల అటూ ఇటూ తిప్పిస్తారు, వంగమంటారు, మాట్లాడమంటారు. రుచి నాలుకకి తెలిసిందంటే ఆ మాస్కు మీ ముఖానికి కాదు. సగం ముఖం మాస్కుకి ఫిట్ ఫ్యాక్టరు, అంటే లోపలి కంటే బయట దుమ్ము ఎన్ని రెట్లుందో ఆ లెక్క, కనీసం 100, పూర్తి ముఖం మాస్కుకి 500 రావాలి. కళ్ళకీ రక్షణ కావాలి కాబట్టి ల్యాబు వైపు పోతానని మొండికేసేవాడికి పూర్తి ముఖందే. అక్కడే పడి ఉన్న పాత సోవియట్ గ్యాస్ మాస్కు పెట్టుకుని ఫొటో దిగే సరదా ఒకటుంది. ఆ కాలపు ఫిల్టరు డబ్బాల్లో కొన్నింటిలో ఆస్బెస్టాసే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా నేల మీద పడున్న రబ్బరుని ముక్కుకి నొక్కుకోవడం ఏం సరదానో!

పీ100 పాదరసం ఆవిరిని ఆపదు. పగిలిన థర్మామీటర్లు, మానోమీటర్లు ఉన్న గదిలో, ముఖ్యంగా ఎండకి కాగిన గదిలో, ఆ ఫిల్టరు ఉన్నా లేనట్టే. పాత కెపాసిటర్ల నుంచి కారిన నూనెని తాకొద్దు.

కట్టడం గురించి కూడా. గాలిలో ఉప్పు ఉంది. స్లాబులోకి ఉప్పు దిగితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కింది పొరని పెచ్చులుగా తోసేస్తుంది. తుక్కు కోసం తలుపు మీది ఇనుప లింటెల్ లాగేసిన చోట పైగోడ ఇటుకల రాపిడి మీద మాత్రమే నిలబడి ఉంటుంది. ఆ గుమ్మం కిందినుంచి దాటొద్దు. నేల చెక్కలు పీకిన గదుల్లో దూలం మీద నడిచే విన్యాసాలు వద్దు. మ్యాన్‌హోల్ మూతలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. ఇసుక కప్పేసిన గోతి కనపడదు కాబట్టి ముందు కర్రతో పొడిచి చూసి అడుగేయాలి.

కరీంనగర్_కుర్రోడు:
సరే అన్నా, సూటు కూడా ఏసుకుంట. ఇంక ఏమన్న ఉన్నదా?

రేకులషెడ్డు:
ఉంది తమ్ముడూ. గాలి ఆడని సూటు, పూర్తి మాస్కు వేసుకుని 40 డిగ్రీల ఎండలో 20, 30 నిమిషాలు దాటితే ఆంత్రాక్స్ అక్కర్లేదు, వడదెబ్బే చాలు. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. తల తిరిగినవాడు మాస్కు పీకేస్తాడు, అదీ లోపల ఉన్నప్పుడే. కాబట్టి జూన్, జూలై, ఆగస్టు మాట మరిచిపో. ఏప్రిల్ చివర నుంచి మే మధ్య, లేదా సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు. తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకల్లా బయటికి రావాలి. గాలి లేచిన రోజు అసలు వద్దు. ఎండిన అరల్ అడుగు నుంచి లేచే ఉప్పుదుమ్ములో పాత పత్తిచేల పురుగుమందులు కూడా ఉంటాయి.

ఇప్పుడు విప్పే పద్ధతి. జబ్బు తగిలించుకునేది ఇక్కడే. వాహనానికి గాలి ఎగువన కాకుండా దిగువన ఒక గీత గీయండి. గీతకి అవతల మురికి, ఇవతల శుభ్రం. ముందు బూట్ల మీది మట్టిని తడి బ్రష్‌తో తీయాలి, పొడిగా దులపొద్దు. మట్టి ఉండగా బ్లీచు పోస్తే క్లోరిన్‌ని మట్టే తినేస్తుంది, స్పోరు దాకా రాదు. తర్వాత ద్రావణం. 8 పాళ్ళ నీళ్ళలో 1 పాలు ఇంటి బ్లీచు, అంటే 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ కలపాలి, ఆఖర్న 1 పాలు తెల్ల వెనిగర్. ఈ వరస తప్పొద్దు. బ్లీచూ వెనిగరూ నీళ్ళు లేకుండా నేరుగా కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. వెనిగర్ ఎందుకంటే ఇంటి బ్లీచు బాగా క్షారంగా ఉంటుంది, దాన్ని తటస్థానికి దగ్గరగా దించితేనే స్పోరుని సరిగ్గా చంపుతుంది. కలిపింది దాచుకోవద్దు, అప్పటికప్పుడే వాడేయాలి. బూట్లు, గాజు అద్దాలు, పనిముట్లు 60 నిమిషాలు తడిగానే ఉండాలి. ఎండకి ఆరిపోతుంటే మళ్ళీ పోస్తూ ఉండాలి. ఎర్రగా కాగే జీపు డిక్కీలో వారం ఉన్న బ్లీచు సగం నీళ్ళే. నుకూస్ పట్నంలో ఆ వారమే కొని, నీడలో పెట్టి, క్లోరిన్ పట్టీతో పరీక్షించి వాడండి.

సూటు తడిపి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ దించాలి. పై గ్లౌజులు దాంతోపాటే పోవాలి. లోపలి గ్లౌజులతో ఆఖర్న మాస్కు, ఊపిరి బిగబట్టి, వెనక పట్టీ నుంచి. అన్నీ రెండు సంచుల్లో వేసి టేపు వేయాలి. మాస్కు ముందు తీసి, తర్వాత సూటు దులుపుకోవడం మాత్రం వద్దు.

శిథిలప్రియుడు:
ఇదంతా చేసేవాడికి వెళ్ళొచ్చనే కదా మీ మాట? నేను మొదట్నుంచీ అదే అంటున్నాను.

సూక్ష్మదర్శిని:
కాదండీ. ఇదంతా చేస్తే గానీ కుదరని చోటికి సరదాకి వెళ్ళడం దేనికని నా మాట. రేకులషెడ్డు గారు చెప్పిన వరసని ముగ్గురు కుర్రాళ్ళు, రెండు లీటర్ల నీళ్ళతో, సూర్యుడు నెత్తిన ఉండగా, ఫొటోల తొందరలో పాటిస్తారని మీరు నమ్ముతున్నారా? నిపుణుల బృందాలకి వెంట డాక్టరు, టీకా, స్నానపు గుడారం, ఖాళీ చేయించే హెలికాప్టర్ ఉంటాయి. ఆ 113 మంది అలా వెళ్ళారు. మీ టూరుకి ఒక డ్రైవరు, ఒక గ్యాస్ స్టవ్ ఉంటాయి.

శిథిలప్రియుడు:
దేనికంటే, అది చరిత్ర. 1972లో జీవాయుధ నిషేధ ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశం, 1975లో అది అమల్లోకి వచ్చాక కూడా పదిహేనేళ్ళకు పైగా ఇలాంటివి నడిపింది. నోటితో కాదన్నదాన్ని కాంతుబెక్ గోడలు ఒప్పుకుంటాయి. తుక్కోళ్ళూ ఉప్పూ కలిసి వాటిని ఏటేటా తినేస్తున్నాయి. గొప్ప కెమెరా అక్కర్లేదు, గదుల కొలతలు, పంజరాల వరస, గాలిగొట్టాల దారి రాసుకుని వస్తే చాలు. అది చేసేవాళ్ళు ఎప్పుడూ జీతం తీసుకునే నిపుణులే కానక్కర్లేదు. చైనాలో హర్బిన్ పక్కన పింగ్‌ఫాంగ్‌లో జపాన్ సైన్యపు జీవాయుధ విభాగం యూనిట్ 731 శిథిలాలు నిలబెట్టి మ్యూజియం చేశారు. ఇక్కడ అలాంటిది ఏదీ లేదు.

పాతపటం:
పింగ్‌ఫాంగ్ పోలిక కుదరదు. అక్కడ ఒక దేశం పూనుకుని, ఎక్కడ ఎవరు నడవాలో కట్టుదిట్టం చేసి జనాన్ని రానిచ్చింది. అలాగే చేయమని ఉజ్బెకిస్తాన్‌ని అడుగుదాం, నేనూ సంతకం పెడతాను. ఈలోపు కొలతలు కావాలంటే 1960ల నాటి అమెరికా గూఢచారి ఉపగ్రహ చిత్రాలు బయటికొచ్చాయి. భవనాల ఆకారాలు, రోడ్లు, మైదానపు గళ్ళు వాటిలో తేలిగ్గా కొలవొచ్చు. గది లోపలి పంజరాల వరస అందులో దొరకదు, అది ఒప్పుకుంటాను.

కరీంనగర్_కుర్రోడు:
మా సీనియర్లు డాక్సీ గోళీలు ముందే ఏసుకొని పోతమంటున్నరు. గది పనిజేస్తదా?

సూక్ష్మదర్శిని:
మెడిసిన్ చదివేవాళ్ళు అనాల్సిన మాటేనా ఇది? యాంటీబయాటిక్ చంపేది మొలిచిన బ్యాక్టీరియాని. స్పోరుని కాదు. పీల్చిన స్పోరు ఊపిరితిత్తుల్లో వారాల తరబడి నిద్రపోతుంది. మామూలుగా జబ్బు వారంలోపే బయటపడినా, స్వెర్ద్లోవ్స్క్‌లో ఆరు వారాల తర్వాత పడ్డవాళ్ళున్నారు. అందుకే నిజంగా పీల్చారని తేలితే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు లేదా సిప్రోఫ్లాక్సాసిన్ 500, రోజుకి రెండుసార్లు, 60 రోజుల దాకా ఇస్తారు, దాంతోపాటు టీకా. అది డాక్టరు నిర్ణయం. ముందురోజు రెండు గోళీలు మింగడం వల్ల కడుపులో మంట, ఎండకి చర్మం కమలడం తప్ప ఏమీ రాదు. డాక్సీ మీద ఉన్నవాడికి ఎడారి ఎండ ఇంకా త్వరగా కాల్చేస్తుంది.

మట్టిగోడ:
వెళ్ళేవాళ్ళు ఎలాగూ వెళ్తారు, కనీసం ఊరి దగ్గరే ఆగిపోయేవాళ్ళకి దారి గురించి ఎవరైనా చెప్పండి.

పాతపటం:
ఒంటరి వాహనం వద్దు, రెండు ఉండాలి. ఎండిన అడుగు మీద ఉప్పు పెచ్చు పైకి రోడ్డులా గట్టిగా కనపడుతుంది, కింద బురద. ఇరుసు దాకా దిగితే తవ్వినకొద్దీ ఇంకా దిగుతుంది. టైర్ల గాలి 18, 20 పీఎస్‌ఐకి దించండి, 20 మీటర్ల లాగుడు పట్టీ, చక్రాల కింద పెట్టడానికి నాలుగు పలకలు, పార ఉండాలి. వర్షం పడ్డ మూడు రోజుల దాకా కదలొద్దు. నీళ్ళు మనిషికి రోజుకి 8 లీటర్లు, దానికి మించి రెండు రోజుల నిల్వ. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. చెప్పుకోదగ్గ ఆసుపత్రి నుకూస్‌లో, అంటే ముయ్‌నాక్ చేరాక కూడా ఇంకో 200 కిలోమీటర్లు.

పాడేరు_పశువైద్యం:
తిరిగొచ్చినవాళ్ళకి ఒక్క మాట. చేతి మీదో మెడ మీదో దోమ కుట్టినట్టు చిన్న పొక్కు లేచి, కొద్ది రోజుల్లో చుట్టూ నీటి పొక్కులతో వాచి, మధ్యలో నల్లగా పెచ్చు కట్టి, అంతైనా నొప్పి పుట్టకపోతే అనుమానించండి. గుచ్చొద్దు, కోయించొద్దు, పెచ్చు లాగొద్దు. డాక్టరు దగ్గరికి పోయి ముందుగా చెప్పాల్సింది పుండు గురించి కాదు, ఎక్కడికి వెళ్ళొచ్చారో. మందు వాడకపోతే చర్మపు ఆంత్రాక్స్‌లో నూటికి 10 నుంచి 20 మంది పోతారు, వాడితే ఒక్కరూ పోవడం అరుదు. ఒకటే షరతు: స్వాబు, అంటే పుండు నుంచి దూదిపుల్లతో తీసే నమూనా, యాంటీబయాటిక్ మొదలెట్టకముందే తీయాలి, తర్వాత తీస్తే కల్చర్‌లో ఏమీ మొలవదు.